గుడి స్తంభం మీద నెయ్యి లెక్క

కార్తీక మాసం వచ్చిందంటే మన రోడ్ల మీద పంచారామాల బస్సులు తిరుగుతాయి. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఐదు గుళ్ళూ ఒక్క రోజులో చూపించి, రాత్రికి మళ్ళీ ఇంటి దగ్గర దింపే బస్సులు. మీలో చాలామంది ఆ బస్సెక్కే ఉంటారు. చేతిలో కొబ్బరికాయల సంచీ, మనసులో మళ్ళీ బస్సు ఎక్కడ తప్పిపోతుందోనన్న బెంగ. ఆ హడావుడిలో ద్రాక్షారామానికి దక్కేది గంటసేపు. అదీ క్యూ తక్కువగా ఉంటే.

ఇవాళ ఆ గంటను కాస్త సాగదీద్దాం. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడిని ఒక కట్టడంగా చూద్దాం. భక్తిని గుమ్మం బయట వదిలి రమ్మని నేననను. చెప్పులు వదిలితే చాలు. స్వామిని చూసే కళ్ళతోనే గోడను కూడా చూడండి, మెట్టును చూడండి, స్తంభాన్ని చూడండి. అంతే నేను కోరేది.

ఎందుకంటే ఇది ఒక రాజు తన కోసం కట్టుకున్న ఇల్లు కాదండీ. పదిమంది కోసం కట్టింది. ఇవాళ మనం బడి కడతాం, ఆసుపత్రి కడతాం, పంచాయతీ ఆఫీసు కడతాం. ఆ రోజుల్లో ఊరి పెద్దలు కూర్చోవాలన్నా, భూముల లెక్క చూడాలన్నా, ఆటా పాటా జరగాలన్నా, ఆకలితో వచ్చినవాడికి ఇంత ప్రసాదం దొరకాలన్నా గుడే దిక్కు. కాబట్టి దీన్ని మన ప్రాంతంలోని పాత ప్రజా కట్టడాల్లో పెద్దదిగా చూడొచ్చు.

ఇప్పుడు నా ప్రశ్న. వెయ్యేళ్ళు దాటిన ఈ కట్టడం ఇంకా ఎలా పనిచేస్తోంది? నిలబడి ఉండటం వేరు, పనిచేయడం వేరు. నిలబడి ఉన్న పాత కట్టడాలు మన దేశంలో లెక్కలేనన్ని. లోపల గబ్బిలాలు, బయట గడ్డి. ద్రాక్షారామంలో మాత్రం ఇవాళ పొద్దున కూడా దీపం వెలిగింది. రేపు పొద్దున కూడా వెలుగుతుంది. ఆ దీపం వెనక ఉన్న ఏర్పాటు గురించే ఈ మాటలన్నీ. కట్టడం గురించి మొదలుపెట్టి దీపం దగ్గరికి చేరుకుంటాను. కాస్త ఓపిక పట్టండి.

రామచంద్రపురం దాటి కోటిపల్లి వైపు వెళుతుంటే దారిలో ద్రాక్షారామం. చుట్టూ చేలు. వరి, కొబ్బరి, అరటి. కాలవ గట్టు మీద నిలబడి చూస్తే కనుచూపుమేర చదును. ఆ చదునే కట్టేవాడికి మొదటి కష్టం. ఇది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు నేల. పార పెట్టి తవ్వండి. మట్టి వస్తుంది, ఇసక వస్తుంది, కాసేపటికి నీళ్ళు వస్తాయి. రాయి మాత్రం రాదు. మెత్తటి నేల, పైపైనే ఊట నీరు. అటువంటి చోట రాతితో రెండంతస్తుల గుడి కట్టాలనుకోవడమే ఒక సాహసం. ప్రతి బండా ఎక్కడో కొండ దగ్గర పగలగొట్టి ఇక్కడిదాకా తేవాలి. తెచ్చాక అది నేలలోకి కుంగకుండా చూసుకోవాలి.

రాయి లేని డెల్టాలో రాతి కట్టడం. ఈ మాట గుర్తుంచుకోండి. దాదాపు 950 ఏళ్ళ తరవాత ఇదే కష్టం ఇంకొకరికి ఎదురైంది. ఆయన ఆర్థర్ కాటన్. గోదావరికి ఆనకట్ట కట్టడానికి ధవళేశ్వరాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం, అక్కడ ఒడ్డునే కొండ ఉంది. రాయి చేతికందే దూరంలో ఉంది. ఇసక మీద పునాది వేయడం ఎలాగో కావేరి మీద పాత చోళుల కల్లణై చూసి నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. మెత్తటి నేల మీద బరువైన కట్టడం నిలపడం ఈ దేశంలో పనివాళ్ళకు ఎప్పటి నుంచో చేతనైన విద్య. కాగితం మీద రాసి పెట్టుకోలేదు. చేతుల్లో పెట్టుకున్నారు.

సరే, గుడి దగ్గరికి వద్దాం.

ద్రాక్షారామం, సామర్లకోట. ఈ రెండు గుళ్ళూ తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడి కాలానివని చెబుతారు. ఆయన 892లో గద్దెనెక్కాడు. ముప్పై ఏళ్ళు ఏలాడు. యుద్ధాలతో సతమతమైన ఏలుబడి. రాష్ట్రకూటులు ఒక పక్క నుంచి మీద పడుతూనే ఉన్నారు. అలాంటి రోజుల్లో కట్టిన గుళ్ళివి. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎత్తైన ప్రహరీ, నాలుగు దిక్కులా వాకిళ్ళు, మధ్యలో రెండంతస్తుల గర్భగుడి.

రెండంతస్తుల గర్భగుడి. ఇక్కడ ఆగాలి మనం.

సాధారణంగా శివాలయంలో ఏం చూస్తాం? గుమ్మం దాటి, కాస్త వంగి, చీకట్లో పానవట్టం మీద లింగం. అర్చకుడు నిలబడి అభిషేకం చేస్తాడు. లింగం ఆయన నడుము దగ్గరికో, ఇంకా కిందికో ఉంటుంది. ద్రాక్షారామంలో అలా కుదరదు. ఇక్కడ లింగం మనిషి కంటే బాగా పొడవు. స్ఫటిక లింగమని చెబుతారు. కింది అంతస్తులో మొదలై పై అంతస్తుదాకా లేస్తుంది. కింద నిలబడి శిరస్సు మీద నీళ్ళు పొయ్యాలంటే అందదు.

ఇప్పుడు మిమ్మల్ని ఆ కాలపు స్థపతి అనుకోండి. మీ ముందు అంత ఎత్తున్న లింగం ఉంది. దానికి రోజూ అభిషేకం జరగాలి. వందలమంది చూడాలి. మీరేం చేస్తారు?

నిచ్చెన వెయ్యొచ్చు. వేదిక కట్టొచ్చు. అమరావతిలో చూడండి, అక్కడ అమరేశ్వరుడూ పొడవే. అర్చకులు ఎత్తుగా ఉన్న పీఠం ఎక్కి అభిషేకం చేస్తారు. అది ఒక దారి. ద్రాక్షారామం స్థపతి ఇంకో దారి పట్టాడు. మనిషిని నిచ్చెనెక్కించే బదులు గుడికే ఇంకో అంతస్తు వేశాడు. కింది అంతస్తులో స్వామి పాదం, పై అంతస్తులో స్వామి శిరస్సు. మనం మెట్లెక్కి పైకి వెళతాం, పైన అభిషేకం చూస్తాం. కింద నుంచి పైకి లేచిన దేవుడి ఎత్తుకు మనమే ఎక్కి వెళతాం.

సామర్లకోటలోనూ ఇదే. అక్కడిది తెల్లటి సున్నపురాతి లింగం. అదీ కింది అంతస్తులోంచి పై అంతస్తులోకి లేస్తుంది. పాలకొల్లులో క్షీరారామేశ్వరుడి లింగం చిన్నది. కాబట్టి అక్కడ రెండంతస్తుల అవసరం లేదు. ఆ ఊళ్ళో ఎత్తంతా గాలిగోపురానికి వెళ్ళింది. తొమ్మిది అంతస్తుల గోపురం, మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుంది. ఇక భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు కింద ఉంటాడు, అన్నపూర్ణమ్మ పై అంతస్తులో ఉంటుంది. శివుడి నెత్తిన అమ్మవారు కొలువుండటం అరుదు. అక్కడా రెండంతస్తులే, కానీ కారణం వేరు.

ఈసారి పంచారామాల బస్సెక్కినప్పుడు ఈ ఒక్కటి గమనించండి. ఐదు చోట్లా ఎత్తు అన్న సమస్యను ఎలా తీర్చారో చూసుకుంటూ వెళ్ళండి. మీ పిల్లలు తోడుంటే వాళ్ళను అడగండి. ఇంజనీరింగు కాలేజీలో ఒక సెమిస్టరు పాఠం ఆ ఒక్క రోజు ప్రయాణంలో ఉంది.

మళ్ళీ ద్రాక్షారామం కింది అంతస్తుకు వెళదాం. గర్భగుడి చుట్టూ ఇరుకైన ప్రదక్షిణ దారి ఉంది. లోపల ఒక గోడ, బయట ఒక గోడ, రెండిటి మధ్యా నడవా. శిల్పశాస్త్రంలో ఇలాంటి గుడిని సాంధారం అంటారు. లోపల చీకటి. చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆ దారిలో నడిచాను. చల్లగా ఉంది. ముందు ఎవరున్నారో తెలియలేదు. గోడకు అరచెయ్యి ఆనించి నడిచాను. ఎవరో ముసలావిడ ముందు నుంచి మెల్లగా శివనామం అనుకుంటూ వెళుతోంది. ఆ గొంతు రాతికి తగిలి తిరిగి వస్తోంది. ఆవిడ మొహం నేను చూడలేదు. గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఆ గోడల్లో ఒకప్పుడు మణులు పొదిగి ఉండేవనీ, వాటి కాంతిలోనే ప్రదక్షిణ చేసేవారనీ పెద్దలు చెబుతారు. చీకటి అంత గట్టిగా ఉంటే మనిషి ఊహ వెలుగు వెతుక్కుంటుంది మరి.

కానీ ఆ దారి ఎందుకంత ఇరుకు? అంత చీకటి ఎందుకు? దీనికి రాయి స్వభావమే జవాబు. రాయి బరువు మొయ్యడంలో మొనగాడు. నిలబెట్టి నెత్తిన ఎంత పెట్టినా మోస్తుంది. దాన్నే అడ్డంగా పడుకోబెట్టి, రెండు చివరలూ ఆనించి, మధ్యలో బరువు పెట్టండి. విరుగుతుంది. వెదురు వంగుతుంది, టేకు దూలం కొంత వంగుతుంది, రాయి వంగదు. అందుకే రాతి బండతో కప్పు వెయ్యాలంటే గోడకూ గోడకూ మధ్య దూరం తక్కువ ఉండాలి. నడవా ఇరుకైతేనే బండ నిలుస్తుంది. నడవా మీద ఒక అంతస్తు మోపాలి కాబట్టి గోడలు మందంగా ఉండాలి. గోడకు కిటికీ పెడితే ఆ మేరకు బలం తగ్గుతుంది. కాబట్టి కిటికీ లేదు. కాబట్టి చీకటి.

చూశారా, మనం భక్తితో అనుభవించే ఆ చీకటి, ఆ చల్లదనం, ఆ ఇరుకు, అన్నీ పై అంతస్తును మోయడానికి పుట్టినవి. ఆ అవసరాన్నే స్థపతి అనుభవంగా మలిచాడు. కింద చీకట్లో చుట్టూ తిరుగుతాం. తరవాత మెట్లెక్కుతాం. పైకి రాగానే గాలి, వెలుగు, మంత్రం, నీళ్ళ చప్పుడు, ఎదురుగా స్వామి శిరస్సు. చీకట్లోంచి వెలుగులోకి రావడమంటే ఏమిటో కాళ్ళకు తెలిసేలా కట్టాడు. నేను చూసిన గొప్ప కట్టడాల్లో ఈ ఒక్క మెట్ల దారిని నేను చాలా పైన పెడతాను.

ఇంతవరకూ గోడలూ కప్పులూ. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

ద్రాక్షారామం గుళ్ళో శాసనాలు 300కు పైగా ఉన్నాయి. ఒక్క గుళ్ళో, మూడు వందలకు పైగా. స్తంభాల మీద, గోడల మీద. తెలుగులో, సంస్కృతంలో, తమిళంలో కూడా. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వీటిని అచ్చు వేశారు. ఎక్కువ భాగం 11వ శతాబ్దం నుంచి తరవాతి మూడు నాలుగు వందల ఏళ్ళవి. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కొడుకు తంజావూరు వైపు చోళ గద్దె ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు కదా. 1070 నుంచి ఆయన ఏలుబడి. ఆ కాలపువి చాలా ఉన్నాయి. వెలనాటి చోడులవి ఉన్నాయి, కాకతీయుల కాలానివి ఉన్నాయి. రాజులు మారారు, వంశాలు మారాయి. స్తంభాలు మాత్రం అవే.

ఆ శాసనాల్లో ఏముంటుంది? రాజుగారి యుద్ధాలుంటాయని అనుకుంటాం. బిరుదులు ఉంటాయి, నిజమే. కానీ ఎక్కువ శాసనాల్లో ఉండేది నెయ్యి. అవునండీ, నెయ్యి. దీపానికి నెయ్యి ఎవరు తేవాలి, రోజుకెంత తేవాలి, ఎన్ని తరాలదాకా తేవాలి. ఆ లెక్క.

ఒక దీపం సంగతి చెబుతాను. ఒక ఇల్లాలు తన పుణ్యం కోసమో, చనిపోయిన తండ్రి పుణ్యం కోసమో భీమేశ్వరుడికి అఖండ దీపం పెట్టాలనుకుంది. రాత్రింబవళ్ళూ వెలిగే దీపం. దానికి ఆమె ఏమిచ్చింది? కుండెడు నెయ్యి తెచ్చి పోస్తే నాలుగు రోజుల్లో అయిపోతుంది. డబ్బిస్తే ఎవరో ఖర్చు పెట్టేస్తారు. ఆమె ఇచ్చింది గొర్రెల మంద. యాభై. ఈ యాభై లెక్క ద్రాక్షారామం శాసనాల్లో పదే పదే కనిపిస్తుంది. ఆ మందను ఒక బోయడికి, అంటే మందలు కాసే మనిషికి, అప్పగిస్తారు. పాలు అతనివి, పుట్టిన పిల్లలు అతనివి. బదులుగా అతను రోజూ గుడికి మానెడు నెయ్యి పోయాలి. అతనే కాదు, అతని కొడుకులు పోయాలి, మనవలు పోయాలి. పుత్రానుపౌత్రికంగా.

ఇందులో ఉన్న తెలివి చూడండి. గొర్రె ఎన్నాళ్ళు బతుకుతుంది? కొన్నేళ్ళు. మరి దీపం వందల ఏళ్ళు వెలగాలే! చచ్చిపోయిన గొర్రె స్థానంలో పుట్టిన పిల్ల వస్తుంది. మంద ఎప్పుడూ యాభైగానే ఉంటుంది. తమిళ శాసనాల్లో ఇలాంటి మందకు ఒక పేరుంది. చావని, ముసలితనం రాని గొర్రెలు. ఒక్కో గొర్రె చస్తుంది, మంద చావదు. బ్యాంకులో అసలు కదపకుండా వడ్డీతో ఖర్చు గడపడం లాంటిదే ఇది. అసలు గొర్రెల దొడ్లో ఉంది, వడ్డీ దీపంలో వెలిగింది.

కొందరు ఆవులిచ్చారు. కొందరు భూమిచ్చారు. కొందరు మాడలు ఇచ్చారు, ఆ కాలపు బంగారు నాణేలు. ఇచ్చినవాళ్ళలో రాణులున్నారు, మంత్రులున్నారు, సేనానులున్నారు, వర్తకులున్నారు, ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. దీపం తరవాత దీపం. అఖండ దీపాలు అన్ని వెలుగుతున్న ఆ మండపాన్ని ఒక్కసారి కళ్ళు మూసుకుని ఊహించుకోండి. ఒక్కో దీపం వెనక ఒక్కో మంద. ఒక్కో మంద వెనక ఒక్కో కుటుంబం. ఊరి చుట్టూ ఉన్న పచ్చికంతా ఆ గుడి దీపాల్లోకి వచ్చి వెలిగింది.

ఇక అసలు గొప్పతనం ఎక్కడంటే, ఈ ఒప్పందమంతా రాతి మీద చెక్కారు. పదిమందీ నడిచే చోట చెక్కారు. దస్తావేజు పెట్టెలో దాచలేదు. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, రోజుకెంత పోయాలి. చదవడం వచ్చినవాడు చదువుకుంటాడు, రానివాడు అడిగి తెలుసుకుంటాడు. నెయ్యి పోయడం మానేస్తే స్తంభమే సాక్షి. చివర ఒక శాపం కూడా ఉంటుంది. ఈ ధర్మం చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందని. పాపానికి భయపడనివాడు కూడా పదిమంది చూస్తున్నారంటే భయపడతాడు.

మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి చదువుకోలేరు కదా. ఒకటి, ఈ గుళ్ళో దీపం వెలగడానికి కావలసిన వనరును ముందే అప్పగించారు. రెండు, అది తరగని వనరు. మూడు, బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాశారు. నాలుగు, అందరికీ కనిపించేలా రాశారు. కట్టడం ఒకసారి కట్టేది. దాన్ని నడపడం ప్రతి రోజూ చేసేది. ద్రాక్షారామంలో ఈ రెండిటినీ ఒకే రాతి మీద ఉంచారు.

ఆ తరవాత చరిత్ర ఏమీ సాఫీగా సాగలేదు. రాజ్యాలు కూలాయి, మందలు పోయాయి, భూములు చేతులు మారాయి. కానీ అప్పటికి ఆ గుడి ఎన్నో ఇళ్ళ పనిలో భాగమైపోయింది. రాజమహేంద్రవరం రెడ్డి రాజుల కాలంలో శ్రీనాథుడు ఈ క్షేత్రం మీద భీమేశ్వర పురాణం రాసి, మంత్రి బెండపూడి అన్నయకు అంకితమిచ్చాడు. ఒక కట్టడానికి కావ్యం దక్కడం కూడా ఒక రకం కాపలాయే. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం, ఈ మూడు లింగాల మధ్య నేలే త్రిలింగమనీ, అదే తెలుగు అయిందనీ మన పెద్దలు చెప్పుకున్నారు. ఆ మాటలోనూ ఈ గుడి ఉండిపోయింది. ఇప్పుడది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం.

ఈ పద్ధతి గుళ్ళకే సాగుతుందనుకోకండి. మన డెల్టాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలవలు ఇవాళ్టికీ మన చేలను తడుపుతున్నాయి. ఏటా వేసవిలో ఒక మాట వింటాం కదా, కాలవలు కట్టేశారు అని. అంటే నీళ్ళు ఆపేసి, లాకులు చూసి, పూడిక తీసి, గట్లు సరిచేసి, మళ్ళీ వదులుతారు. రైతుకు తెలుసు, కట్టేసే రోజులు ఎప్పుడో. మంచినీళ్ళ చెరువులు ముందే నింపుకుంటారు. మరమ్మత్తుకంటూ ఏడాదిలో కొన్ని వారాలు ముందే కేటాయించి పెట్టుకున్న కట్టడం అది. ఏ ఏడాది ఆ పని సరిగా జరగదో, ఆ ఏడాది చివరి చేనుకు నీరందదు. శివారు రైతును అడగండి, చెబుతాడు.

ఇప్పుడు మన కొత్త కట్టడాల సంగతి. మాకు తెలిసిన ఒక ఊళ్ళో బడికి కొత్త గదులు కట్టారు. మంచి గదులే. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. గుమ్మం పక్కన నల్లరాతి పలక పెట్టారు. దాని మీద పేర్లు. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరు ప్రారంభించారు, ఎవరు అధ్యక్షత వహించారు. మూడో వానాకాలానికి ఒక గదిలో కప్పు కారడం మొదలైంది. బల్లలు ఒక మూలకు జరిపారు. పిల్లలు మూడు వంతుల గదిలో కూర్చున్నారు. ఎవరిని అడగాలో పంతులుగారికి తెలియదు. ఆ పని ఎవరిదో ఎక్కడా రాసిలేదు. పలక మీద పది పేర్లున్నాయి. ఆ పదిమందిలో ఒక్కరికీ కప్పుతో సంబంధం లేదు. ఆ గదిలో నిలబడి పైకి చూసినప్పుడు నాకు ద్రాక్షారామం స్తంభం గుర్తొచ్చింది.

అదీ రాయే, ఇదీ రాయే. అక్కడి రాయి మీద రేపు నెయ్యి తేవలసినవాడి పేరుంది. ఇక్కడి రాయి మీద నిన్న రిబ్బను కత్తిరించినవారి పేరుంది.

నేను ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇది మార్చుకోగల పని కాబట్టి అంటున్నాను. మీ ఊళ్ళో రేపు ఒక అంగన్‌వాడీ కట్టినా, నీళ్ళ ట్యాంకు కట్టినా, సామాజిక భవనం కట్టినా, దాని పక్కన ఇంకో చిన్న పలక అడగండి. ఏటా సున్నం ఎవరు వేయిస్తారు, వానలకు ముందు కప్పు ఎవరు చూస్తారు, ఆ ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది, ఈ మూడు వాక్యాలు దాని మీద రాయించండి. గ్రామసభలో లేచి అడగండి. కట్టేముందే అడగండి. కట్టాక అడిగితే జవాబు దొరకదు.

పాతవాటికి మరమ్మత్తులు చేసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. పూర్వం గానుగ సున్నంతో కట్టిన గోడకు ఇప్పుడు సిమెంటు పూత పూస్తే బాగుపడిందని అనుకుంటాం. సున్నపు గోడ చెమ్మ పీల్చి మళ్ళీ వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తడి లోపలే ఉండిపోయి గోడ లోపలి నుంచి గుల్లవుతుంది. మన డెల్టాలో చెమ్మకు కొదవ లేదు కదా. పాత గుడి, పాత సత్రం, పాత బడి ఏదైనా సరే, సున్నం పని తెలిసినవాళ్ళను వెతికి పిలిపించండి. వాళ్ళు తగ్గిపోతున్నారు, ఇంకా ఉన్నారు.

ఇంకొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. చాలా గుళ్ళలో శాసనాలున్న స్తంభాలకు ఏటా రంగులు వేస్తారు, సున్నం కొడతారు. అక్షరాలు పూడిపోతాయి. భక్తులు ఆ గీతల్లో పసుపు కుంకుమలు రాస్తారు, కర్పూరం వెలిగిస్తారు. రాయి నల్లబడి పొరలు లేస్తుంది. వెయ్యేళ్ళు నిలిచిన అక్షరం మన చేతి కింద పదేళ్ళలో చెరిగిపోతుంది.

కాబట్టి ఈసారి ద్రాక్షారామం వెళ్ళినప్పుడు, కింద చీకట్లో ప్రదక్షిణ చేసి, మెట్లెక్కి భీమేశ్వరుడి అభిషేకం చూసి, మాణిక్యాంబ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, బస్సు హారను మోగించేలోగా ఒక్క స్తంభం దగ్గర ఆగండి. వేలు పెట్టి తడమకండి. కుంకుమ పెట్టకండి. ఊరికే చూడండి. ఆ పాత తెలుగు లిపి మీకు అర్థం కాకపోవచ్చు. మీ పక్కనున్న పిల్లవాడికి మాత్రం చెప్పండి. ఇక్కడ ఒక బోయడు రోజూ మానెడు నెయ్యి తెస్తానని మాట ఇచ్చాడు నాన్నా, ఆ మాట ఇదిగో, ఈ రాతి మీద ఉంది అని.